పాత ట్రాక్టరు చవకేనా? గంట లెక్క కట్టి చూడాలి

అడ్తి కొట్టుకు ట్రాక్టరు బేరం కొత్త కాదు. జమ్మికుంట, జగిత్యాల, కరీంనగర్, నిర్మల్, భైంసా, ఆదిలాబాద్ యార్డులకు సరుకు తెచ్చే రైతు సీజను ముందు బండి కొనడానికి పైకం అడుగుతాడు. బాకీ తీర్చలేని వాడు బండినే అప్పగిస్తానంటాడు. ఈ ఇద్దరి మధ్య కూర్చుని బేరం కుదిర్చి కమీషను తీసుకునే వారూ ఉన్నారు. కాబట్టి వరి, పత్తి, మొక్కజొన్న ధరలు తెలిసిన వర్తకుడికి పాత ట్రాక్టరు ధర కట్టడం కూడా తెలిసి ఉండాలి. సరుకు నాణ్యత తెలియకుండా ఎవరూ పాట పాడరు. కాని ట్రాక్టరు దగ్గరకు వచ్చేసరికి "లక్షన్నరకే వస్తోంది" అన్న ఒక్క మాట మీద బయానా ఇచ్చేస్తున్న సందర్భాలు తక్కువ కాదు.

ముందుగా ధరల మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, విడి భాగాల మీద 18 శాతం ఉన్నది కూడా 5 శాతానికి దిగింది. దీనివల్ల 35 అశ్వశక్తి బండి మీద సుమారు 41 వేలు, 45 అశ్వశక్తి బండి మీద 45 వేలు కొనుగోలుదారుకు మిగులుతాయని కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ అప్పట్లో ప్రకటించారు. కొత్త సరుకు ధర దిగితే పాత సరుకు ధర కూడా దిగాలి. కాని పాత బండి అమ్మేవాడు తాను కొన్న ధరను, పెట్టిన ఖర్చును మనసులో పెట్టుకుని అడుగుతాడు. అంతకు ముందు ఏడాది ఊళ్ళో ఇటువంటి బండి ఎంతకు పోయిందో చెబుతాడు. ఆ ధర పన్ను తగ్గక ముందటిది. తగ్గింపు తేదీకి ముందు కుదిరిన బేరాలను ఇప్పుడు కొలమానంగా పెట్టుకుంటే కొనేవాడికే నష్టం. ఈ ఒక్క అంశాన్ని ఎత్తి చూపినా బేరంలో కొంత జాగా దొరుకుతుంది.

రెండు బండ్ల లెక్క

ఇక అసలు విషయానికి వద్దాం. ట్రాక్టరును బండి ధరతో కాక గంట ధరతో చూడాలి. కింది అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. ఎవరి ఊరి ధరలు వారు మార్చి వేసుకోవచ్చు.

ఇరవై ఏళ్ళు దాటిన 35 అశ్వశక్తి బండ్లు రెండు అమ్మకానికి వచ్చాయనుకుందాం. మొదటి దానికి 1,30,000 అడుగుతున్నారు. ఇంజను బోరుకు వచ్చింది. లైనర్లు, పిస్టన్లు, రింగులు, పంపు, నాజిళ్ళు కలిపి 60 వేలు, వెనుక టైర్ల జత 40 వేలు, క్లచ్చి, లిఫ్టు పనికి 20 వేలు, కాగితాలు సరిచేయడానికి 15 వేలు. పొలంలోకి దిగేసరికి బండి 2,65,000 అయింది. రెండవ దానికి 2,10,000 అడుగుతున్నారు. బ్యాటరీ, ఆయిళ్ళు, చిన్న పనులు, కాగితాలు కలిపి 20 వేలు. మొత్తం 2,30,000.

రెండింటినీ నాలుగేళ్ళు, ఏటా 400 గంటలు వాడి, మొదటి దాన్ని లక్షకు, రెండవ దాన్ని లక్షా పది వేలకు అమ్మారనుకుందాం. మొదటి బండి మీద తరుగు 1,65,000. దీన్ని 1,600 గంటలతో భాగిస్తే గంటకు 103 రూపాయలు. రెండవ దాని మీద తరుగు 1,20,000, అంటే గంటకు 75 రూపాయలు. దీనికి వడ్డీ కలపాలి. నూటికి నెలకు రూపాయిన్నర చొప్పున మొదటి దాని పెట్టుబడి మీద ఏడాదికి 47,700, గంటకు 119 రూపాయలు. రెండవ దాని మీద 41,400, గంటకు 103 రూపాయల 50 పైసలు. మొత్తం కలిపితే మొదటి బండి గంటకు 222 రూపాయలు, రెండవది 178 రూపాయల 50 పైసలు. ఏడాదికి తేడా పదిహేడున్నర వేలు. నాలుగేళ్ళకు 70 వేలు. కొన్ననాడు 80 వేలు చవకగా కనిపించిన బండి నాలుగేళ్ళలో 70 వేలు ఎక్కువ తిన్నదన్నమాట. పైగా మొదటి బండి నెల రోజులు షెడ్డులో ఉంటుంది. ఆ నెల ఏదో అన్నది ఈ లెక్కలో వేయలేదు. అది మృగశిర కార్తె అయితే ఆ ఏటి కిరాయిలో పెద్ద భాగం పోయినట్టే.

ఇక్కడ గమనించవలసింది వడ్డీ. రెండు బండ్ల లెక్కలోనూ తరుగు కంటే వడ్డీయే ఎక్కువ వచ్చింది. పాత బండికి బ్యాంకు అప్పు దొరకడం కష్టం. చేతి అప్పు తప్పదు. అప్పు ఇచ్చే అడ్తిదారు దీన్ని లాభంగా చూడవచ్చు గాని, కిరాయి డబ్బు వడ్డీకే చాలకపోతే చివరకు బండి ఆయన కొట్టు ముందే నిలబడుతుంది.

మరి కొత్త బండి సంగతి? 6,00,000 పెట్టి కొన్నారు, బ్యాంకు వడ్డీ 12 శాతం అనుకుందాం. ఏటా 400 గంటలు వాడి నాలుగేళ్ళకు 3,80,000కు అమ్మితే గంటకు తరుగు 137 రూపాయల 50 పైసలు, వడ్డీ 180, మొత్తం 317 రూపాయల 50 పైసలు. మన రెండవ పాత బండి 178 రూపాయల 50 పైసలు. పాతది గంటకు ఒక లీటరు డీజిలు ఎక్కువ తాగుతుందనుకుని లీటరు 95 రూపాయల చొప్పున కలిపినా 273 రూపాయల 50 పైసలే. అంటే ఏడాదికి 400 గంటల పని ఉన్నవాడికి పాత బండే చవక.

ఏటా 1,000 గంటలు పని ఉన్నవాడి లెక్క వేరు. కొత్త బండిని అంత వాడితే నాలుగేళ్ళకు 3,20,000 వస్తుందనుకుందాం. తరుగు గంటకు 70, వడ్డీ 72, మొత్తం 142 రూపాయలు. పాత బండి 4,000 గంటలు నడిస్తే మధ్యలో ఒకసారి ఇంజను పనికి 70 వేలు తప్పవు. చివరికి 70 వేలకే పోతుంది. తరుగు 40, వడ్డీ 41, ఇంజను పని 17 రూపాయల 50 పైసలు, అదనపు డీజిలు 95, అన్నీ కలిపి గంటకు దాదాపు 194 రూపాయలు. ఈ అంకెల ప్రకారం ఏటా 600 గంటల దగ్గర రెండూ దాదాపు సమానం. డ్రైవరు జీతం, చిల్లర మరమ్మతులు, భీమా రెండింటికీ వదిలేశాం. కాని వాటిని కలిపినా తూకం మొగ్గు పెద్దగా మారదు.

మన ప్రాంతంలో జరుగుతున్నది దీనికి తిరగబడి ఉంది. సొంత పొలం పదెకరాలున్న రైతు కిస్తీల మీద కొత్త బండి కొని ఏడాదిలో ఎక్కువ రోజులు కొట్టంలో నిలుపుతాడు. కిరాయి మీద బతికే కుర్రవాడు పైకం లేక పాత బండి కొని రోజుకు పది గంటలు తోలుతాడు. పాత బండి ఎవరికి కావాలో వారు కొనడం లేదు, ఎవరికి వద్దో వారు కొంటున్నారు. అప్పు ఇచ్చే ముందు "ఏడాదికి ఎన్ని గంటలు తోలుతావు?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలా సంగతులు తేలిపోతాయి.

బండి ఎక్కడ బతికింది?

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11న నాలుగేసి జిల్లాలయ్యాయి. అయినా బండి అరుగుదల చూస్తే అది ఏ నేలలో బతికిందో ఇప్పటికీ చెప్పవచ్చు. ఈ రెండు పాత జిల్లాల బండ్లను మూడు రకాలుగా చూడడం మంచిది.

మొదటిది బురద బండి. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద, కడెం కింద వరి మళ్ళలో పనిచేసినది. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ కేజ్ వీల్స్ వేసి బురదలో తిరిగిన బండికి ఇంజను బాగానే ఉండవచ్చు. జబ్బు కింద ఉంటుంది. వెనుక ఇరుసు ఆయిలు సీళ్ళు పోయి నీరు లోపలికి దిగుతుంది. గేరు ఆయిలు పాల చాయలా తెల్లబడుతుంది. అది చూడడానికి పైన మూత తీసి లాభం లేదు. అడుగు బోల్టు కాస్త వదులు చేసి మొదట వచ్చే చుక్కలు చూడాలి. నీరు కిందనే ఉంటుంది. బ్రేకు డ్రమ్ముల్లో మట్టి చేరి లైనింగులు పట్టవు. ముందు చక్రాల బేరింగులు గరగరలాడతాయి. జాకీ మీద లేపి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. క్లచ్చి గది అడుగున ఉన్న రంధ్రం నుంచి ఆయిలు కారుతుంటే బండిని రెండు ముక్కలు చేయవలసిన పని ఉందని అర్థం. సీలు ధర పెద్ద ఖర్చు కాదు, బండి విప్పి బిగించే కూలీయే ఖర్చు. కేజ్ వీల్సుతో తారు రోడ్డెక్కిన బండి అయితే ఇరుసు బోల్టులు, రిమ్ముల రంధ్రాలు కూడా చూడాలి.

రెండవది ఇసుక బండి. మానేరు ఇసుక, ఇటుక బట్టీల మట్టి, కంకర తోలినది ఈ కోవలోకి వస్తుంది. ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడక ముందు చెరకు తోలిన పాత బండ్లు కూడా ఈ జాతివే. వీటి వెనుక టైర్లు మధ్యలో నున్నగా అరిగి ఉంటాయి. పొలంలో తిరిగిన టైరు అరుగుదల వేరుగా ఉంటుంది. ట్రాలీ కొక్కెం పిన్ను రంధ్రం గుండ్రంగా ఉందా, కోలగా సాగిందా చూడండి. సాగి ఉంటే ఎంత బరువు లాగిందో వేరే సాక్ష్యం అక్కరలేదు. క్లచ్చి, బ్రేకులు, స్టీరింగు, కింగ్ పిన్నులు అన్నీ అరిగి ఉంటాయి. హౌసింగు మీద వెల్డింగు మచ్చ కనిపిస్తే, దాని మీద కొత్త రంగు ఉంటే, ఆ బేరం అక్కడితో ఆపడం మంచిది.

ఇసుక బండికి మరో చిక్కు ఉంది. అనుమతి లేని ఇసుక తోలుతూ పట్టుబడి వాల్టా చట్టం కింద జరిమానా పడిన బండ్లు, కేసు నడుస్తున్న బండ్లు చేతులు మారుతుంటాయి. బండి నంబరు మీద చలాన్లు ఆన్‌లైనులో చూడవచ్చు. అంతటితో ఆగకుండా ఆ మండలం తహసీలు కార్యాలయంలోనూ ఠాణాలోనూ విచారించడం అవసరం. ఇసుక బండి ధర అసాధారణంగా తక్కువగా ఉంటే కారణం ఇంజనులో కాక కాగితాల్లో ఉండే వీలు ఎక్కువ.

మూడవది రేగడి బండి. ఆదిలాబాద్, జైనథ్, బేల, ముథోల్, ఆసిఫాబాద్ వైపు పత్తి, సోయా, కంది చేలలో పనిచేసినది. ఎండాకాలం లోతు దుక్కిలో నల్లరేగడి ఇంజను మీద పెట్టే భారం ఎక్కువ, ఎగిసే దుమ్ము మరీ ఎక్కువ. దుమ్ము ఇంజనుకు ఆకురాయి వంటిది. గాలి వడపోత నుంచి ఇంజనులోకి పోయే రబ్బరు గొట్టం విప్పి లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి ధూళి అంటితే ఆ ఇంజను లైనర్లు, రింగులు మట్టి తిన్నాయని చెప్పవచ్చు. ఎంతటి రంగూ దీన్ని దాచలేదు. పాత బండ్లలో గాలి వడపోత అడుగున ఆయిలు గిన్నె ఉంటుంది. దానిలో ఆయిలు లేకుండా, అడుగున గట్టి మట్టి ముద్ద ఉంటే యజమాని బండిని ఎలా చూసుకున్నాడో ఇక అడగనవసరం లేదు. అయితే రేగడి బండికి ఒక మంచి గుణం ఉంది. గేరు బాక్సు, బ్రేకులు, ఇరుసు సాధారణంగా బురద బండి కంటే మెరుగ్గా ఉంటాయి. ఇంజను పని ఒక్కటే చేయిస్తే సరిపోయే బండి దొరికితే ఈ కోవలోనే దొరుకుతుంది. మూడింటిలో ఒకటి ఎంచుకోమంటే, ధర అందుకు తగ్గట్టు తగ్గితే, ఈ వ్యాసకర్త ఓటు దీనికే.

పొద్దున్నే వెళ్ళాలి

బండి చూడడానికి తెల్లవారగానే, చెప్పకుండా వెళ్ళడం ఉత్తమం. ఇంజను మీద చెయ్యి వేస్తే చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే మీరు వచ్చే ముందే ఒకసారి తిప్పి ఉంచారన్నమాట. బోరుకు వచ్చిన ఇంజను అసలు గుణం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. తోయకుండా, మరో బండితో లాగకుండా, సొంత బ్యాటరీతో రెండు మూడు తిప్పులలో అందుకోవాలి. "బ్యాటరీ వీకున్నది గంతే" అనే మాట ప్రతి చోటా వినిపిస్తుంది. మంచి బ్యాటరీ ఒకటి వెంట తీసుకుపోతే ఆ వాదన అక్కడే తేలిపోతుంది.

పొగ చూడాలి. చల్లని ఇంజను మొదట కాస్త తెల్లగా వదిలి సర్దుకుంటే భయం లేదు. వేడెక్కిన తర్వాత కూడా నీలి పొగ వస్తుంటే ఆయిలు కాలుతోంది. తెల్ల పొగ ఆగకపోతే నాజిళ్ళో, కంప్రెషనో, హెడ్డు నుంచి నీరు దిగడమో కారణం. బరువు పడినప్పుడు నల్ల పొగ కొంత సహజమే గాని, ఖాళీగా ఉన్నప్పుడు కూడా నల్లగా వదిలితే పంపు, గాలి వడపోత చూడాలి. సైలెన్సరు పొగ కంటే బ్రీదరు గొట్టం పొగ ఎక్కువ నిజం చెబుతుంది. దాని నుంచి ఇంజను దమ్ము బుసకొడుతూ వస్తే రింగులు పోయినట్టే.

ఆయిలు గేజి కర్ర తీసి చూడండి. ఆయిలు గీత దాటి ఎక్కువగా ఉండి డీజిలు వాసన వస్తే పంపు నుంచి డీజిలు లోపలికి దిగుతోంది. ఆయిలు జిగురుగా, మరీ చిక్కగా ఉంటే పొగను, తక్కువ ప్రెషరును దాచడానికి గేరు ఆయిలు కలిపి ఉండవచ్చు. గంటసేపు పని చేయించి, వేడి మీద ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆయిలు ప్రెషరు ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడాలి. చల్లని ఇంజను మీద ముల్లు పైకి లేచిందని సంతోషించనక్కరలేదు.

ఖాళీ రోడ్డు మీద తోలి చూడడం పరీక్ష కాదు. గొర్రు నేలలో దింపి దున్నించాలి. గేరు బయటికి దూకుతోందా, క్లచ్చి జారుతోందా, స్టీరింగు ఎంత తిప్పితే చక్రం కదులుతోందో అప్పుడే తెలుస్తుంది. తర్వాత గొర్రు పైకెత్తి ఇంజను ఆపండి. కాసేపట్లోనే నేలకు దిగిపోతే లిఫ్టు సిలిండరు, రింగులు, వాల్వుల పని ఉంది. మెల్లగా దిగితే పాత బండికి అది మామూలే.

గంటల మీటరును నమ్మి ధర కట్టవద్దు. పాత బండ్లలో అది ఇంజను వేగాన్ని బట్టి తిరిగే యంత్రం. నెమ్మదిగా తిరిగిన గంట పూర్తి గంటగా పడదు. కేబులు తెగి ఏళ్ళు గడిచినవి, మార్చినవి కూడా ఎన్నో. క్లచ్చి, బ్రేకు పెడళ్ళ రబ్బరు, స్టీరింగు చక్రం, సీటు కింది రేకు ఇంతకంటే నమ్మదగిన సాక్షులు.

పేరు, సామాను

బండి వయసు కంటే నమూనా ఎన్నాళ్ళు నడిచిందన్నది ముఖ్యం. ఒకే నమూనా దశాబ్దాల తరబడి తయారైతే మెకానిక్కుకు చెయ్యి తిరిగి ఉంటుంది, సామాను చిన్న పట్నంలో కూడా దొరుకుతుంది. ఇంటర్నేషనల్ హార్వెస్టరు బి-275 ఇంగ్లండులో ఆగిపోయిన తర్వాత కూడా మహీంద్రా పేరు మీద ఇక్కడ చాలాకాలం వచ్చింది. మద్రాసు టాఫే వారి మాసీ 1035కు సింప్సన్ ఇంజను. 1974లో పంజాబు నుంచి స్వరాజ్ 724 వచ్చింది, తర్వాత 735. పంజాబ్ ట్రాక్టర్స్ 2007లో మహీంద్రా చేతికి, ఐషర్ ట్రాక్టర్లు 2005లో టాఫే చేతికి పోయినా పేర్లు నిలిచాయి. కాబట్టి సామానుకు కొదవ లేదు. ఫోర్డు 3600 విషయంలో ఫోర్డు పేరు పోయింది గాని, ఆ కుటుంబపు బండ్లను ఎస్కార్ట్స్ వారు ఫార్మ్‌ట్రాక్ పేరిట కొనసాగించారు. ఎస్కార్ట్స్ కూడా 2022లో ఎస్కార్ట్స్ కుబోటా అయింది.

హెచ్.ఎం.టి. సంగతి వేరు. చెకొస్లొవేకియా జెటర్ సాంకేతికంతో 1971లో పింజోరులో మొదలైన ఈ బండ్లకు దుక్కిలో మంచి పేరు ఉండేది. ట్రాక్టరు విభాగం మూసివేతకు 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అప్పటి నుంచి అసలు కంపెనీ సామాను కరువు. బయటి తయారీ సామాను మీదా, విప్పిన బండ్ల మీదా ఆధారపడాలి. 2511 గాని 3511 గాని చవకగా వస్తే కొనకూడదని కాదు. ఊళ్ళో దాన్ని ఎరిగిన మెకానిక్కు ఉంటే, ధర మిగతా వాటికంటే బాగా తక్కువైతే కొనవచ్చు. మళ్ళీ అమ్మేటప్పుడు మీకూ ఆ తక్కువ ధరే వస్తుందని ముందే రాసుకోవాలి. సుత్తెతో కొట్టి చూసేవారికి ఆ ఇనుము నచ్చుతుంది. ఇనుము ధరకు బండి కొనడం మాత్రం వేరే వ్యాపారం.

కాగితం లేని బండి సరుకే కాదు

పెన్‌గంగ అవతల యవత్మాల్, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల నుంచి బండ్లు ఇటు రావడం చాలాకాలంగా ఉంది. ఎం.హెచ్. 29, 34, 26 నంబర్ల బండి 30 వేలు చవకగా ఉంటే ఆ చవక ఎందుకో ముందు తెలుసుకోవాలి. అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఎన్.ఓ.సి. ఉండాలి. ఫైనాన్సు ఉంటే తీరినట్టు ఫారం 35 ఉండాలి. ఇక్కడ 12 నెలలకు మించి ఉంచాలంటే కొత్తగా రిజిస్టరు చేయించాలి. ఎన్.ఓ.సి. "తర్వాత తెప్పిస్తాం" అన్న బండికి పైకం కూడా తర్వాతే ఇవ్వాలి.

ఇక్కడి బండ్లలో ఎ.పి. 01 అంటే పాత ఆదిలాబాద్, ఎ.పి. 15 అంటే పాత కరీంనగర్. ఆ నంబర్ల మీద ఇప్పటికీ ఉన్న బండ్లలో చాలా వాటికి 15 ఏళ్ళ రిజిస్ట్రేషను గడువు దాటి ఉంటుంది. అయిదేళ్ళకోసారి పొడిగించుకున్నారా లేదా చూడాలి. పొడిగించని బండికి జరిమానా, తనిఖీ, పన్ను కొనేవాడి నెత్తినే పడతాయి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కాగితం మీద కాక ఇనుము మీద చదవాలి. ఇంజను మార్చిన బండి అయితే ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కి ఉండాలి. ఫైనాన్సు వారు పట్టుకుని వేలం వేసిన బండి అయితే వేలం పత్రం, అప్పు తీరిన పత్రం రెండూ ఉండాలి. సబ్సిడీ మీద వచ్చిన బండి అయితే అమ్మకం మీద షరతులేమైనా ఉన్నాయా అని మంజూరు పత్రం చదవాలి.

దళారులకు వర్తించే మాట ఒకటి ఉంది. ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టించి, పేరు మార్చకుండా బండిని రెండు మూడు చేతులు తిప్పడం వ్యాపారంలో మామూలైపోయింది. నవీన్ కుమార్, విజయ్ కుమార్ల కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టరులో ఎవరి పేరుంటే ప్రమాదం బాధ్యత వారిదేనని స్పష్టం చేసింది. బాకీ కింద వచ్చిన బండిని తన పేర రాయించుకుని, తర్వాత ఎవరికో అమ్మి పేరు మార్చని అడ్తిదారు ఎన్నో ఏళ్ళ తర్వాత ట్రిబ్యునల్ నోటీసు అందుకోవచ్చు. రాష్ట్రంలోపలి అమ్మకాన్ని అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలని చట్టం. భీమా పాలసీలో పేరు మార్పుకు 14 రోజులు.

ట్రాలీ సంగతి తరచు మరిచిపోతారు. ట్రాలీకి రిజిస్ట్రేషను, భీమా వేరు. వ్యవసాయానికని భీమా చేసి కిరాయి ఇసుకో, పెళ్ళి జనాన్నో తోలితే ప్రమాదంలో కంపెనీ చెల్లించకుండా తప్పించుకోవడానికి అదే దారి. బేరంలో ట్రాలీ కలిసి ఉంటే దాని కాగితం విడిగా అడగాలి. కాగితం లేకపోతే దాని ధరను బేరం నుంచి విడిగా తీసేయాలి.

బయానా ఇచ్చేటప్పుడు రసీదులో ఛాసిస్ నంబరు, మిగతా పైకం ఎన్.ఓ.సి., ఫారం 35 చేతికి వచ్చాకే ఇస్తామన్న షరతు, ఎన్ని రోజుల్లో రాకపోతే బయానా వాపసు అన్నది రాయించుకోవాలి. బండి స్వాధీనం చేసుకునే కాగితం మీద తేదీతోపాటు గంట కూడా వేయించడం మంచిది. మధ్యాహ్నం రెండు గంటలకు అమ్మిన బండి సాయంత్రం నాలుగు గంటలకు రాజీవ్ రహదారి మీద ఎవరినైనా ఢీకొంటే, ఆ రెండు గంటల తేడా మీదనే ఎవరు ఎవరికి జవాబుదారీ అన్న పేచీ నడుస్తుంది.